అనుమతి లేకుండా నెట్‌లో తిరుగుతున్న స్వతంత్ర చిత్రం: చూసేవారు ఏం చేయాలి?

ప్రశ్న

నాకు ఎంతో నచ్చిన ఒక చిన్న చిత్రం, తీసినవారి అనుమతి లేకుండానే టొరెంట్లలోనూ మెసేజింగ్ గ్రూపుల్లోనూ తిరుగుతోంది. ఇటువంటి సినిమాకు థియేటర్లు ఎలాగూ దొరకవు కాబట్టి, నలుగురూ చూస్తే అదే ప్రచారమని మిత్రులు అంటున్నారు. నేనుండే దేశంలో అది ఏ ఓటీటీలోనూ లేనందువల్ల ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేకపోతున్నాను. అయినా, అప్పు చేసి సినిమా తీసినవారికి చిల్లిగవ్వ కూడా దక్కకపోవడం నాకు బాధగా ఉంది. అటువంటి లింకు కనబడినప్పుడు ఏం చేయాలి? వారికి నిజంగా అక్కరకు వచ్చే సాయం ఏది?

జవాబు 1

మీ మిత్రుల వాదనలో హక్కుల అమ్మకం సంగతి మరుగున పడింది. పెద్ద సంస్థల చిత్రాలకు విడుదలకు ముందే చాలా హక్కులు అమ్ముడవుతాయి. చిన్న చిత్రాలకు మాత్రం ఆ బేరం తరచుగా చిత్రోత్సవాల తర్వాతే మొదలవుతుంది, అదీ ఒక్కో దేశానికి, ఒక్కో మాధ్యమానికి విడివిడిగా. తన ప్రాంతంలో ఆ చిత్రం తన దగ్గర మాత్రమే దొరుకుతుందన్న భరోసా మీదనే పంపిణీదారు డబ్బు పెడతాడు కనుక, మంచి నాణ్యత గల కాపీ ముందే బయటపడితే ధర పడిపోతుంది, ఒక్కోసారి బేరమే ఆగిపోతుంది. తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలని పట్టుబట్టే చిత్రోత్సవాలు కూడా ఉన్నాయి. ఎంపిక కమిటీలకు పంపే లింకుకు పాస్‌వర్డు పెట్టడం, అందుకున్నవారి పేరు తెరమీద కనిపించేలా వాటర్‌మార్క్ వేయడం ఈ భయంతోనే.

లింకు కనబడితే, ఖండించడానికైనా సరే, దాన్ని బహిరంగంగా పెట్టకండి. ఖండన చదివినవారిలో కొందరు దాన్ని నొక్కకుండా ఉండరు. పేజీ చిరునామానూ స్క్రీన్‌షాట్‌నూ చిత్రాన్ని తీసినవారికి విడిగా పంపండి. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ప్రకారం తొలగింపు నోటీసు పంపవలసినది హక్కుదారుగానీ, వారు అధికారమిచ్చిన ప్రతినిధిగానీ. అభిమానిగా మనం సొంతంగా పంపే నోటీసుకు ఆ బలం లేదు.

జవాబు 2

ప్రచారం వాదన వట్టిదని మాత్రం అనలేం. 2007లో వచ్చిన ‘ది మ్యాన్ ఫ్రం ఎర్త్’ టొరెంట్ల ద్వారానే ఎంతోమందికి తెలిసింది. నిర్మాత ఎరిక్ విల్కిన్సన్ అందుకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పారు. దాని కొనసాగింపును 2018 జనవరిలో ఆ బృందమే పైరేట్ బే అనే టొరెంట్ సైటులో పెట్టి, నచ్చినవారిని విరాళం అడిగింది. నీనా పేలీ తన 2008 నాటి యానిమేషన్ చిత్రం ‘సీతా సింగ్స్ ది బ్లూస్’ను అందరూ పంచుకోవచ్చునంటూ క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో విడుదల చేసి, 2013లో మిగిలిన హక్కులను సైతం వదులుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

పేలీ గారి విషయంలో నిర్ణయం ఆమెదే. కానీ మొదటి ఉదాహరణలో పంచుకోవడం ముందు జరిగింది, కృతజ్ఞత తర్వాత వచ్చింది కదా?

జవాబు 2 రాసినవారు

నిజమే, మొదటి చిత్రాన్ని పంచినవారెవరూ ముందుగా అడగలేదు. ఆ నిర్మాత సంతోషించారు కనుక మరో నిర్మాత కూడా సంతోషిస్తారని వారి తరఫున మనం నిర్ణయించడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. అడగడానికి ఒక్క ఈమెయిలు చాలు.

జవాబు 3

ఆ ఈమెయిలు గురించే చెబుతాను. మీ దేశంలో హక్కులు ఇంకా అమ్ముడుపోకపోతే, కొందరు దర్శకులు డబ్బు తీసుకుని లింకు పంపిస్తారు. వారే నేరుగా అమ్మేచోట కొంటే మధ్యవర్తుల కోత తక్కువ. ఓటీటీ అయితే ఒప్పందాన్ని బట్టి ఉంటుంది: హక్కులను ఒకే మొత్తానికి అమ్మేసి ఉంటే మీరు ఎన్నిసార్లు చూసినా వారికి అదనంగా రాదు, చూసిన నిమిషాల లెక్కన ఇచ్చేచోట వస్తుంది. కాబట్టి ఎక్కడ చూస్తే మేలో వారినే అడగండి. ఇప్పటికే అక్రమ కాపీ చూసినవారు సైతం ఇప్పుడు కొనవచ్చు, లేదా తదుపరి చిత్రానికి విరాళం ఇవ్వవచ్చు.

మీకు దగ్గరలోని గ్రంథాలయాన్నో విశ్వవిద్యాలయాన్నో ఆ చిత్రం కొనమని కోరండి. సంస్థలకు ఇచ్చే లైసెన్సు ధర సాధారణంగా వ్యక్తులు కొనే ధర కంటే చాలా ఎక్కువ. ఫిల్మ్ సొసైటీలో చూపించదలిస్తే బహిరంగ ప్రదర్శనకు వేరే అనుమతి తీసుకోవాలి, ఎందుకంటే కొన్న డిస్కు ఇంట్లో చూసుకోవడానికే పరిమితం. ఆ ప్రదర్శన రుసుము ఎంతో ముందే కనుక్కుని, ప్రదర్శన తర్వాత ప్రేక్షకులతో మాట్లాడమని దర్శకుణ్ణి కూడా పిలవండి.