పీఎల్‌ఎఫ్‌ఎస్ స్వయం ఉపాధి అంకె, అమెరికా అంకె పక్కపక్కన పెట్టొచ్చా?

పాలమూరు పీజీ:
మన దేశంల ఉపాధి లెక్కదీసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేల స్వయం ఉపాధి వాటాను, అమెరికా ఉపాధి సర్వే సీపీఎస్‌తోని పోల్చి పట్టిక కట్టాలె. 11 (సొంతంగ పని చేసుకునేటోళ్లు), 12 (పనోళ్లను పెట్టుకున్న యజమానులు), 21 (కూలి లేకుండ ఇంటోళ్ల వ్యాపారంల సాయపడేటోళ్లు) కోడ్లు కలిపి, అటు దిక్కు ‘సెల్ఫ్ ఎంప్లాయిడ్’ అంకె రాస్తే సరిపోతదా? పుట్టపాకల మగ్గం నేసేటాయన, ఆయనకు కండెలు చుట్టే భార్య ఎక్కడ ఏ లెక్కల పడ్తరు?

లెక్కల సార్:
సరిపోదు తమ్మీ. ముందు కాలం సరిచెయ్యి. పీఎల్‌ఎఫ్‌ఎస్‌ల ‘యూజువల్ స్టేటస్’ అనే లెక్కకు గడిచిన 365 రోజులు చూస్తరు, సీపీఎస్‌ల చూసేది ఒక్క వారమే. కాబట్టి మన సర్వేలనే ఉన్న గడిచిన వారం లెక్క, సీడబ్ల్యూఎస్ తీసుకో. అమెరికాల 16 ఏండ్ల నుంచి లెక్క, నువ్వు కూడా అక్కడి నుంచే పట్టు.

అసలు తేడా 21 కాడ ఉన్నది. ఇంటోళ్ల మగ్గం, సాగు, దుకాణం లాంటి పనిల కూలి లేకుండ సాయపడేటోళ్లు వారంల ఏదో ఒకనాడు గంట పని చేసినా మన దగ్గర ఉపాధిల ఉన్నట్టే. అమెరికాల వారానికి 15 గంటలు దాటాలె లేదా సమానం గావాలె. ఆమె రోజుకు రెండు గంటలు ఏడు దినాలు కండెలు చుడితే 14 గంటలు: ఇక్కడ కార్మికురాలు, అక్కడ ఉపాధిల లేని మనిషి. పీఎల్‌ఎఫ్‌ఎస్‌ల ఏడు రోజుల గంటలు విడివిడిగ ఉంటయి. 21 వాళ్లవి కూడు, 15 కంటె తక్కువుంటె తీసెయ్యి. వాటా తీసే మొత్తంల నుంచి కూడ తియ్యాలె, చానమంది ఈడనే మర్చిపోతరు.

ఇంకోటి, సొంత కంపెనీ రిజిస్టర్ చేసుకున్నోళ్లను అమెరికా జీతగాళ్లల్ల కలుపుతది. వాళ్లను విడిగ తెచ్చి స్వయం ఉపాధిల కలుపు.

మగ్గం లెక్క:
నేసేటాయన సంగతి. షావుకారు నూలు, రంగు ఇచ్చి చీరకింత అని కూలి కట్టిచ్చినా, ఇంట్ల ఎప్పుడు, ఎట్ల నెయ్యాల్నో తానే చూసుకుంటడు గనుక మన సర్వే ఆయనను స్వయం ఉపాధి కిందనే రాస్తది, 11. ధర, సరుకు, కొనేటోడు మాత్రం షావుకారు చేతులనే. ఇసొంటోళ్ల కోసమే 2018ల అంతర్జాతీయ కార్మిక గణాంక సదస్సు ఐసీఎస్‌ఈ-18 అనే ఉపాధి వర్గీకరణల ‘డిపెండెంట్ కాంట్రాక్టర్’ (పేరుకు సొంత పని, నడిచేది వేరేటోళ్ల మీద ఆధారపడి) అని వేరే వర్గం పెట్టింది. 11 ఒక్కటి చూసి వాళ్లను విడదీయలేం. అందుకే చేనేత ఉన్న దిక్కు 11 ఎక్కువొస్తె సొంత వ్యాపారాలు పెరిగినయని రాయకు. సీపీఎస్‌ల అయితె ఇది జవాబు చెప్పేటాయన మాట మీదనే ఆధారపడ్తది.

పాలమూరు పీజీ:
మంచిగ చెప్పిన్రు. మరి మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చి తోల్కపోయిన పాలమూరు లేబర్? వాళ్లు 31 (నికరమైన జీతగాళ్లు) కాదు గదా?

లెక్కల సార్:
కాదు, 51, అంటె వేరే పనులల్ల రోజుకూలి. అడ్వాన్స్ తీసుకున్నంత మాత్రాన కోడ్ మారదు. ఉపాధి హామీ పని 42, వేరే ప్రభుత్వ పనులు 41. అమెరికా ‘వేజ్ అండ్ శాలరీ’ పక్కన ఒట్టి 31 పెడితే తప్పు, నాలుగూ కలపాలె. ఆరు నెలలకు తక్కువ పోయినోళ్లు ఊర్లె ఇంటి సభ్యులుగనే ఉంటరు. అంతకు మించి పోయినోళ్లు ఈ ఊరి జాబితాల రారు, వాళ్ల పని ఎక్కడుంటె అక్కడి లెక్కల పడాలె.

మగ్గం లెక్క:
ఒకవేళ అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) అంకెలతోని పోల్చాలంటె తిండికే పండిచ్చుకునే సాగు కూడ చూడు. అంతర్జాతీయ కార్మిక గణాంక సదస్సు 2013 నిర్వచనంల అది ఉపాధి కాదు, మన సర్వేల ఉపాధే. పట్టిక కింద ఆ మాట రాయి.