గుబ్బియోకి మే 15న అమ్మానాన్నల్ని తీసుకెళ్లొచ్చా?

శ్రావణి_రోమ్:
మే రెండో వారంలో అమ్మానాన్న రోమ్ వస్తున్నారు. నాన్నకి కోటలంటే పిచ్చి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సియెనా, శాన్ జిమిన్యానో అందరూ చెప్పేవే కాబట్టి ఉంబ్రియా ప్రాంతంలో కొండవాలు మీదున్న గుబ్బియో అనుకుంటున్నాను. పాత ప్రాకారం, ద్వారాలు ఇంకా ఉన్నాయట. మే 15న అక్కడ ఏదో పరుగు పండగ కూడా ఉందట. ఆ రోజే వెళ్లాలా, తప్పించుకోవాలా? చర్చిలంటే అమ్మకి అభ్యంతరం లేదు, మెట్లంటేనే.

పెరూజా_ప్రసాద్:
చెల్లీ, పెరూజాలో చదివేటప్పుడు మా ఇంటి ఓనరమ్మది గుబ్బియోనే. ఆ పండగ ఆవిడ వెంటే చూశాను. చేరి అని మూడు చెక్క స్తంభాలు, వాటిని భుజాన మోస్తూ కొండ మీదికి పరుగు. మనిషికి రెండింతల పైనే ఎత్తు, ఒక్కోటి దాదాపు 300 కిలోలు. పైన ఒక్కో సెయింట్ బొమ్మ. ఉబాల్దో తాపీవాళ్లకి, జార్జి వ్యాపారులకి, ఆంథోనీ రైతులకి. మోసేవాళ్ల చొక్కాలు వరసగా పసుపు, నీలం, నలుపు. ఎవరి చొక్కా ఏ రంగో చాలావరకు ఇంటి ఆనవాయితీని బట్టే.

విచిత్రం ఏమిటంటే ఇందులో ఎవరూ ఎవర్నీ దాటరు. ముందు ఉబాల్దో, తర్వాత జార్జి, ఆఖర్న ఆంథోనీ, ఏటా అంతే. 1160 మే 16న పోయిన బిషప్పు ఉబాల్దో ఆ ఊరి దేవుడు కదా, ఆయన ముందు ఎవరు నడుస్తారు? అయినా ప్రాణం పెట్టి పరిగెత్తుతారు. స్తంభం పడకూడదు, వెనకబడకూడదు. పరుగు ఆగకుండానే భుజాలు మారుతుంటాయి. ఇంగినో కొండ మీద బసిలికా (ఉబాల్దో పెద్ద చర్చి) చేరగానే, జార్జివాళ్లు లోపలికి రాకముందే ఉబాల్దోవాళ్లు తలుపు మూసేయాలని చూస్తారు. దాని మీద ఏడాదంతా వాదనలే.

మధ్యాహ్నం 12కి పెద్ద చౌక్‌లో స్తంభాలు నిలబెట్టేటప్పుడు పింగాణీ కూజాల్లో నీళ్లు పోసి, కూజాల్ని జనంలోకి విసిరేస్తారు. పెంకుల కోసం తోపులాట. మా ఓనరమ్మకి బొటనవేలంత ముక్క దొరికింది. దాన్ని రుమాల్లో చుట్టి, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు రెండుసార్లు లాగి చూసుకుంది. నన్నడిగితే ఆ రోజే వెళ్లండి. అది టూరిస్టుల కోసం వేసే షో కాదు.

విజయలక్ష్మి_మిలాన్:
ప్రసాద్ గారూ, మీకు మోకాళ్లు బాగున్నాయి కాబట్టి చెప్తున్నారు! ఆ జనంలో వాళ్లమ్మగారికి కూర్చునే చోటు కూడా దొరకదు. శ్రావణీ, 17న వెళ్లమ్మా. పరుగయ్యాక స్తంభాలు బసిలికాలోనే ఉంటాయి, మళ్లీ మే మొదటి ఆదివారం దాకా దించరు. తీరిగ్గా చూడొచ్చు.

కొండెక్కడానికి ఫునివియా, అంటే రోప్‌వే ఉంది. ఇద్దరు నిలబడే ఇనప పంజరం. అది ఆగదు, కదులుతుండగానే ఎక్కాలి. అమ్మగారికి వద్దు, టాక్సీ మాట్లాడండి. ఊళ్లో వీధులు కొండకి అడ్డంగా నడిస్తే చదునే, నిలువుగా వెళ్తేనే మెట్లు. కొన్నిచోట్ల లిఫ్టులున్నాయి.

మీ నాన్నగారికి రెండు చూపించండి. ఒకటి, పాత ఇళ్లకి పెద్ద తలుపు పక్కనే వీధికంటే కాస్త ఎత్తులో ఇరుకు తలుపు ఉంటుంది. శవపేటిక బయటికి తేవడానికే ఆ తలుపని, తర్వాత ఇటుకలతో మూసేసేవారని గైడ్లు చెప్తారు. నాకు నమ్మకం లేదు. పై అంతస్తు మెట్లకి దారి అయ్యుంటుందన్న చరిత్రకారుల మాటే సబబుగా ఉంది. రాత్రిపూట శత్రువుకి అందకుండా మూసుకోవడం తేలిక.

రెండోది, పాలాజ్జో దెయి కోన్సొలిలో (పెద్ద చౌక్ మీది పాత భవనం, ఇప్పుడు మ్యూజియం) 7 కంచు ఫలకాలు. 1444లో దొరికాయి. ఊరి మూడు ద్వారాల దగ్గర ఏ దేవుడికి ఏ జంతువుని ఎలా బలివ్వాలో అందులో ఉంది. క్రీస్తుకు ముందరి పద్ధతులు! అది చదివాక ప్రాకారం చుట్టూ నడిస్తే ఆ రుచే వేరు.

రైలుబండి_రాజు:
రోమ్–అంకోనా లైన్లో ఫొస్సాతో ది వికో స్టేషన్లో దిగి బస్సు. ఆదివారం బస్సులు తక్కువ, చూసుకోండి. బార్జెల్లో ఫౌంటెన్ చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తి, నీళ్లు చల్లించుకుంటే 'పిచ్చివాడు' అని సర్టిఫికెట్ ఇస్తారు. కోటల పిచ్చి ఉన్న మీ నాన్నగారికి పనికొస్తుంది.

శ్రావణి_రోమ్:
రాజు గారూ, నాన్నకి చదివి వినిపించాను, 'మూడు రౌండ్లే కదా' అంటున్నారు. విజయక్కా, 16 రాత్రికే చేరి 17 పొద్దున్నే మొదలుపెడదామని అమ్మ అంటోంది. పండగ మర్నాడు హోటల్ గదులు దొరుకుతాయా, ఇప్పుడే బుక్ చేసుకోవాలా?

విజయలక్ష్మి_మిలాన్:
ఇప్పుడే చేసేయ్. ప్రాకారం లోపల, కింది వీధిలో తీసుకో. లిఫ్ట్ ఉందో లేదో అడిగాకే డబ్బు కట్టు.