ఖాళీ స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ తీసేయాలా, ఉంచాలా?

కోడుముక్క:
సీ షార్ప్ ప్రాజెక్టు. ఒక క్లాసులో స్టాటిక్ ఫీల్డు డిక్లేర్ చేసినచోటే లాగ్ ఫైలు తెరిచే కోడ్ ఉంది. కిందే స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ (క్లాసుని సిద్ధం చేయడానికి ఒకేసారి నడిచే కోడ్), లోపల ఒక్క లైనూ లేదు. రివ్యూలో తీసేద్దామంటే మా సీనియర్ ససేమిరా అంటున్నారు. నాకైతే చెత్తలాగే ఉంది.

పాతకాపు:
ఉంచండి. అది లేకపోతే కంపైలర్ ఆ క్లాసుకి ‘బిఫోర్‌ఫీల్డ్‌ఇనిట్’ గుర్తు తగిలిస్తుంది. ఇక ఆ ఫైలు తెరిచే కోడ్‌ని, ఫీల్డుని మొదటిసారి ముట్టుకునేలోపు ఎప్పుడు నడపాలన్నది రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ని నడిపే డాట్‌నెట్ భాగం) ఇష్టం. కన్‌స్ట్రక్టర్ ఉంటే మొదటి ఆబ్జెక్టు పుట్టేటప్పుడో, మొదటి స్టాటిక్ మెంబర్ వాడేటప్పుడో నడవాల్సిందే.

కోడుముక్క:
తీసేసి నడిపి చూశానండీ, ఏ తేడా లేదు.

పాతకాపు:
ఏ వెర్షన్లో? పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫీల్డు వాడే మెథడ్‌లోకి అడుగుపెట్టగానే నడిచేది, ఆ లైను ఎన్నటికీ నిజం కాని ‘ఇఫ్’ లోపలున్నా సరే. 2010లో డాట్‌నెట్ 4 వచ్చాక బద్ధకం పెరిగింది. ఫీల్డు జోలికి పోని స్టాటిక్ మెథడ్‌ని పిలిస్తే అసలు నడవదు. స్పెసిఫికేషన్ రెండిటికీ ఒప్పుకుంటుంది. మీ మెషిన్లో ఇవాళ కనబడింది హామీ కాదు.

సున్నాఇండెక్స్:
హామీ సరే, ఖర్చో? ప్రతి స్టాటిక్ కాల్ దగ్గరా ‘ఇనిషియలైజ్ అయిందా’ అనే చెక్ పడొచ్చు. కోడ్ ఎనాలిసిస్‌లోని సీఏ1810 రూలు స్టాటిక్ కన్‌స్ట్రక్టర్ వద్దనేది అందుకే.

పాతకాపు:
డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి టైర్డ్ కంపైలేషన్ (ఎక్కువగా వాడే మెథడ్‌ని తర్వాత మళ్లీ మెరుగ్గా కంపైల్ చేయడం) డిఫాల్ట్ కదా తమ్ముడూ. మెథడ్‌ని రెండోసారి కంపైల్ చేసేసరికి క్లాసు ఎలాగూ సిద్ధమై ఉంటుంది, చెక్ ఎగిరిపోతుంది.

గోదారిగట్టు:
అసలు ఫైలు తెరిచే పని అక్కడెందుకు పెట్టారు? పర్మిషన్ లేక ఒక్కసారి ఫెయిలైతే టైప్‌ఇనిషియలైజేషన్‌ఎక్సెప్షన్, అంటే క్లాసు సిద్ధం కాలేదన్న ఎర్రర్. తర్వాత పర్మిషన్ ఇచ్చినా రన్‌టైమ్ మళ్లీ ప్రయత్నించదు, ప్రాసెస్ రీస్టార్ట్ చేసేదాకా ముట్టుకున్నప్పుడల్లా అదే ఎర్రర్. రాత్రి రెండింటికి దీన్ని వెతికేవాడికి తెలుస్తుంది బాధ.

సున్నాఇండెక్స్:
లేజీలో (మొదటిసారి అడిగినప్పుడే విలువ తయారుచేసే డాట్‌నెట్ క్లాసు) పెడితే పోలా?

గోదారిగట్టు:
పోదు. విలువ తయారుచేసే ఫంక్షన్ (ఫ్యాక్టరీ) ఇస్తే డిఫాల్ట్ మోడ్‌లో లేజీ కూడా ఎక్సెప్షన్‌ని దాచుకుని అదే మళ్లీ విసురుతుంది. పబ్లికేషన్‌ఓన్లీ మోడ్ అయితే మళ్లీ ప్రయత్నిస్తుంది గానీ, రెండు థ్రెడ్లు ఒకేసారి వచ్చి ఇద్దరూ ఫైలు తెరవబోతారు. మెయిన్‌లోంచి మామూలు మెథడ్ పిలిచి తెరవండి. ఫెయిలైతే అక్కడే తెలుస్తుంది.

పాతకాపు:
దానికి నేనూ ఓటేస్తా. ఆ మార్పు మెర్జ్ అయ్యాక కన్‌స్ట్రక్టర్ తీసేయండి. అప్పటిదాకా ఎందుకుందో పైన ఒక లైను కామెంట్ రాయండి, లేదంటే వచ్చే నెల ఇంకొకరు రివ్యూలో ఇదే అడుగుతారు.