సముద్రంలో పిల్లలకు గాలి ట్యూబులు: తీసుకెళ్లొచ్చా, వద్దా?

ఇద్దరు_పిల్లల_తల్లి (మియాపూర్)
దసరా సెలవుల్లో సూర్యలంక వెళ్తున్నాం. రాత్రి కారులో బయల్దేరి, తెల్లారేసరికి బాపట్ల చేరి, సూర్యోదయం చూసి అలాగే నీళ్లలో దిగాలని అనుకుంటున్నాం. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. మావారు ఆన్‌లైన్‌లో రెండు తెప్పించారు. నడుముకి వేసుకునే గుండ్రటి ట్యూబు ఒకటి, పిల్లలు ఎక్కి కూర్చునే పెద్ద ఫ్లెమింగో ఒకటి. రెండు వారాలుగా అపార్ట్‌మెంట్ పూల్‌లో వాటితోనే ఆడుతున్నారు, బాగానే ఉంది. మా అత్తగారు మాత్రం సముద్రానికి అవి వద్దంటే వద్దని పట్టుబట్టారు. ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నారు. వారం నుంచి ఇంట్లో ఇదే గొడవ. మీరేమంటారు?

ఈసీఐఎల్_నాన్న
నిశ్చింతగా తీసుకెళ్లండి మేడమ్. మా వాడికి తొమ్మిదేళ్లు, ఈత రాదు. వాడరేవు ఒకసారి, మంగినపూడి రెండుసార్లు వెళ్లాం, ప్రతిసారీ ట్యూబుతోనే దిగాడు. అల వచ్చి పడేస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఒట్టి చేతులతో దింపడమే నా దృష్టిలో ప్రమాదం. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. పదడుగుల నైలాన్ తాడు ట్యూబుకి కట్టి, రెండో కొస మీ నడుముకి కట్టుకోండి. ఇక ఎక్కడికీ పోదు.

కూకట్‌పల్లి_కోడలు
అత్తగారి మాట వినండి అక్కా. పెద్దవాళ్లకి కారణం చెప్పడం రాకపోవచ్చు, భయం మాత్రం ఊరికే రాదు.

పాత_విశాఖవాసి
నేను పుట్టి పెరిగింది విశాఖ జాలారిపేట పక్కన. ఇరవై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. తల్లిగారూ, మీ అత్తగారు చెప్పలేకపోయిన కారణం నేను చెబుతాను.

పూల్‌లో నీళ్లు కదలవు, నాలుగు పక్కలా గోడ ఉంటుంది. ట్యూబు ఎటు పోయినా గోడకే తగులుతుంది. సముద్రానికి అవతలి గోడ లేదు. గాలి నింపిన వస్తువు నీటిలో మునగదు, నీటి మీద కూర్చుంటుంది. అందుకే దాన్ని నీళ్లకంటే ముందు గాలే తోస్తుంది. మీ ఫ్లెమింగోకి నిలువెత్తు మెడ ఉంది, అది తెరచాపలా పనిచేస్తుంది. పిల్ల దాని మీద కూర్చుంటే కాళ్లు నేలకు తగలవు, దిగాలన్నా దిగలేదు. 2020 ఆగస్టులో గ్రీసులోని ఆంటిరియో దగ్గర ఒక చిన్నపాప ఇలాగే యూనికార్న్ బొమ్మ మీద కూర్చుని సముద్రంలోకి కొట్టుకుపోయింది. అటు వెళ్తున్న ఫెర్రీ వాళ్లు చూసి కాపాడారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. సూర్యలంకలో ఆ సమయానికి ఫెర్రీ రాదు.

బ్రిటన్‌లో సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే ఆర్ఎన్ఎల్ఐ అనే సంస్థ ఉంది, 1824 నుంచి అదే పని. గాలి బొమ్మలు పూల్ కోసమే, సముద్రం కోసం కాదని వాళ్లు ఏటా చెబుతూనే ఉంటారు.

ఈసీఐఎల్_నాన్న
గ్రీసు పాప బొమ్మను పట్టుకుని కూర్చుంది కాబట్టే బతికింది. మీరు చెప్పిన ఉదాహరణే నా మాటకు సాక్ష్యం. ఇంకోటి నేను చెబుతాను. 2024 జులైలో జపాన్‌లో షిమోడా దగ్గర ఒకామె రబ్బరు ట్యూబుతో కొట్టుకుపోయింది. దాదాపు 80 కిలోమీటర్లు, 36 గంటలకు పైగా. అటు వెళ్తున్న సరుకు ఓడ వాళ్లు చూశారు, ట్యాంకర్ సిబ్బంది తీశారు. ప్రాణం నిలిపింది ట్యూబే కదా!

పాత_విశాఖవాసి
ట్యూబు లేకపోతే ఆమె 80 కిలోమీటర్లు పోయేదే కాదు సోదరా. ఆమె పెద్దమనిషి, ఇరవైల్లో ఉంది. ఒకటిన్నర రోజు పట్టు వదలకుండా ఉండగలిగింది. నాలుగేళ్ల పాప ఉండగలదా?

ఈసీఐఎల్_నాన్న
అందుకే తాడు అన్నాను. తాడు గురించి మాట్లాడండి.

ఉప్పల్_మాస్టారు
హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను, గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. తల్లిగారి ప్లాన్‌లో అందరూ వదిలేసిన మాట ఒకటుంది. అది "తెల్లారేసరికి".

పగలు నేల త్వరగా వేడెక్కుతుంది. మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి ఒడ్డుకు గాలి వీస్తుంది. అప్పుడు ట్యూబు వదిలేసినా చాలావరకు ఒడ్డుకే కొట్టుకొస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి గాలి తిరగబడి నేల మీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. పొద్దెక్కేదాకా అలాగే ఉంటుంది. పాతకాలపు జాలర్లు తెల్లవారకముందే తెరచాప ఎత్తేది ఈ గాలి కోసమే. అదే వాళ్లను లోపలికి తీసుకెళ్లేది, మధ్యాహ్నపు గాలి ఇంటికి తెచ్చేది.

మన హైదరాబాద్ వాళ్లు ఏం చేస్తాం? రాత్రంతా ప్రయాణం చేసి సరిగ్గా ఆరు గంటలకు ఒడ్డున దిగుతాం. ఆ వేళ ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా కనిపిస్తాయి. గాలి మన వీపు మీది నుంచి వీస్తోంది కాబట్టి దగ్గర్లో అల లేవదు. "ఎంత ప్రశాంతంగా ఉందో" అని పిల్లల్ని దింపుతాం. ట్యూబు లోపలికి పోయేది ఆ ప్రశాంతమైన వేళలోనే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం కూడా మన కోస్తాలో ఎక్కువగా పడమటి నుంచే వస్తుంది కనుక ఆ నెలల్లో పగలు కూడా నమ్మడానికి లేదు.

ఇంకొక్క మాట. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. ఎక్కడో దూరంగా వాయుగుండం ఉంటే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా పెద్ద అలలు వస్తాయి. దేశం మొత్తం తీరానికి ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ మన ఊళ్లోనే, నిజాంపేట దగ్గర ప్రగతినగర్‌లో ఉంది. సముద్రం లేని ఊరి నుంచి తీరమంతటికీ కబురు వెళ్తుంది, మనం మాత్రం చూడకుండా బయల్దేరుతాం. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ తెరిచి చూడండి, ఐదు నిమిషాల పని.

ఈసీఐఎల్_నాన్న
మాస్టారూ, మధ్యాహ్నం అయితే ఒడ్డుకే వస్తుందని మీరే ఒప్పుకున్నారు. అయితే మధ్యాహ్నం దిగమనండి, అంతే.

ఉప్పల్_మాస్టారు
"చాలావరకు" అన్నాను. అలలు విరిగి ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోవాలి కదా. అవి ఒకచోట సన్నని కాలువలా కూడి పోతాయి, అదే రిప్ కరెంటు. మామూలుగా సెకనుకు ఒకటి రెండు అడుగులు ఉంటుంది, గట్టిదైతే ఎనిమిది అడుగుల దాకా పోతుంది. అంత వేగానికి ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. గాలి ఎటు వీస్తున్నా అది లోపలికే లాగుతుంది.

ఈత_కోచ్_సైనిక్‌పురి
గుండ్రటి ట్యూబు గురించి నా అనుభవం రాస్తాను. పెద్ద అల ఎత్తి పడేస్తే పిల్లలు ట్యూబుతో సహా తిరగబడతారు. తల కింద, కాళ్లు పైన. ట్యూబు నడుముకు పట్టేసి ఉంటుంది కాబట్టి తిరిగి లేవలేరు. వదులుగా ఉంటే అందులోంచి జారిపోతారు. చేతులకు వేసే గాలి పట్టీలూ అంతే, తడిస్తే జారతాయి. పసిపిల్లల మెడకు వేసే గాలి రింగుల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది, వాటి జోలికే పోకండి.

లైఫ్ జాకెట్ కొనండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. వేసి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే సైజు పెద్దదని అర్థం.

గచ్చిబౌలి_గౌతమి
మా పిల్లల ట్యూబు మీదే రాసి ఉంది, ఇది ప్రాణరక్షణ సాధనం కాదని. చిన్న అక్షరాల్లో, గాలి ఊదే మూత దగ్గర. ఇన్నాళ్లూ చదవలేదు.

ఈసీఐఎల్_నాన్న
అందరూ కలిసి ఒక్కడి మీద పడ్డారు. తాడు గురించి అడిగిన దానికి మాత్రం ఒక్కరూ జవాబివ్వలేదు.

పాత_విశాఖవాసి
ఇస్తాను. అల ట్యూబును ఎత్తినప్పుడు తాడు బిగుసుకుంటుంది. ట్యూబు అక్కడే ఆగుతుంది, పిల్లాడు అలతో పాటు ముందుకు పోతాడు. అంటే ట్యూబులోంచి ఊడిపోతాడు. లేదా తాడు కాళ్లకు చుట్టుకుంటుంది. లేదా మీరు పడతారు. మీకు ఈత వచ్చా?

ఈసీఐఎల్_నాన్న
రాదు. అయితే ఏంటి?

పాత_విశాఖవాసి
ఈత రాని తండ్రి, ఈత రాని కొడుకు, మధ్యలో ఒక ప్లాస్టిక్ ట్యూబు. ఇది పెంపకమా?

ఈసీఐఎల్_నాన్న
మాట జాగ్రత్త. నా పెంపకం గురించి మీకేం తెలుసు?

నేను పుట్టింది నల్గొండ జిల్లాలో, మా బావి ఎండిపోయిన ఊళ్లో. మా నాన్న తరం వాళ్లు నడుముకి బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నారు. నా తరానికి బావిలో నీళ్లే లేవు. ఇక్కడికొచ్చి ఒక ప్రైవేట్ పూల్‌లో మావాణ్ని చేర్పిద్దామని వెళ్తే, నెల ఫీజు నా బైక్ కిస్తీ కంటే ఎక్కువ చెప్పారు. ఈ చర్చలో అందరికీ అపార్ట్‌మెంట్ పూల్ ఉంది, కోచ్‌లు ఉన్నారు. మాకు ఏడాదికి ఒక్కసారి సముద్రం. నూట ఎనభై రూపాయల ట్యూబే మావాడి స్విమ్మింగ్ పూల్. అదీ వద్దంటే వాణ్ని ఒడ్డున కూర్చోబెట్టి ఇసుక ఆడుకోమనాలా? అందరి పిల్లలూ నీళ్లలో ఉంటే వాడి ముఖం నేను చూడలేను.

నిర్వాహకులు
పెంపకం లాంటి మాటలు వద్దు. ఇంకోసారి వస్తే చర్చ మూసేస్తాం.

పాత_విశాఖవాసి
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. నేను అలా ఎందుకు అన్నానో కూడా చెప్పాలి.

నాకు పదకొండేళ్లప్పుడు మేం నలుగురం లారీ ట్యూబుతో దిగాం. నా పక్కింటి స్నేహితుడు ట్యూబు మీద ఉన్నాడు, మేం ఒడ్డున పకోడీలు తింటున్నాం. ట్యూబు ఉంది కదా అని ఎవరమూ వాడి వైపు చూడలేదు. చూసేసరికి వాడి తల చిన్న చుక్కలా కనిపించింది. తెప్ప మీద తిరిగొస్తున్న ఒక జాలరి వాణ్ని తెచ్చాడు. బతికాడు. ఆ జాలరి వాణ్ని ఏమీ అనలేదు, మమ్మల్ని తిట్టాడు. ఒడ్డున ఉన్న మమ్మల్ని. ఇప్పటికీ పిల్లల చేతిలో ట్యూబు చూస్తే నా కళ్లు ఒడ్డున ఉన్నవాళ్లనే వెతుకుతాయి.

ఇద్దరు_పిల్లల_తల్లి (మియాపూర్)
మీరు రాసింది చదివాక అసలు సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మొదటి పోస్టులో రాయలేదు.

పోయిన ఏడాది కూడా వెళ్లాం, రెండు కుటుంబాలం కలిసి. మగవాళ్లంతా ఫోటోలని, టిఫిన్లని, తర్వాత పేకాటని వెళ్లిపోయారు. నలుగురు పిల్లల్ని రెండున్నర గంటలు నేనొక్కదాన్నే చూశాను. ఒకరు కుడికి పోతే ఒకరు ఎడమకి. గొంతు పోయేలా అరిచాను. ఇంటికొచ్చాక ఏడిస్తే మావారు "ఎందుకంత టెన్షన్, ఈసారి ట్యూబులు కొంటాలే" అన్నారు. ఈ ఫ్లెమింగో వచ్చింది అందుకు. నేను అడిగింది పక్కన నిలబడే మనిషిని. ఆయన తెచ్చింది బొమ్మని. మా అత్తగారికి అది అర్థమైనట్టుంది, కొడుకు ముందు పైకి అనలేకపోయారు.

కూకట్‌పల్లి_కోడలు
అక్కా, ఇది మా ఇంటి కథే.

ఈత_కోచ్_సైనిక్‌పురి
నలుగురు పిల్లలకు ఒకరు చాలరు. నాలుగేళ్ల పాపకి అయితే ఒక పెద్దవాళ్లు చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉండాలి. ఇరవై నిమిషాలకొకరు చొప్పున వంతులు వేసుకోండి. వంతులో ఉన్నవాళ్ల ఫోన్ బ్యాగులో ఉండాలి.

ఇద్దరు_పిల్లల_తల్లి (మియాపూర్)
ఈ పేజీ మొత్తం మావారికి చదివి వినిపించాను. మొదట కోపం వచ్చింది, పేకాట సంగతి రాసినందుకు. తర్వాత ఫ్లెమింగోలో గాలి తీసి అటక మీద పెట్టారు. దిగడం పదకొండు తర్వాతే, పాప మోకాలు దాటి వద్దు, లైఫ్‌గార్డు కనిపించే చోటే అని ఒప్పుకున్నారు. వంతుల గురించి మాత్రం "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" నాకు నచ్చలేదు. ఇవాళ రాత్రి మళ్లీ మాట్లాడతాను.

పాత_విశాఖవాసి
ఈసీఐఎల్ సోదరా, నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఈత కొలనుల్లో ఫీజు ప్రైవేట్ పూల్ అంత ఉండదు. వేసవిలో శిక్షణ శిబిరాలు కూడా పెడతారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆదివారాలు నేనూ వస్తాను. మీవాడికే కాదు, మీకూ నేర్పుతాను.

ఈసీఐఎల్_నాన్న
ఇంట్లో అడిగి చెబుతాను. దగ్గర్లో ఏదుందో కూడా చూడాలి, రెండు బస్సులు మారాలంటే కష్టం. కానీ తాడు విషయం నాకింకా ఒప్పుదల కాలేదు. మోకాటి లోతు, పదడుగుల తాడు, మధ్యాహ్నం వేళ. ఇందులో తప్పేంటో చెప్పండి.

పాత_విశాఖవాసి
మోకాటి లోతులో అయితే తాడెందుకు, వాడి చెయ్యి పట్టుకోండి.

ఈసీఐఎల్_నాన్న
చెయ్యి జారుతుందండీ. పోయినసారి మంగినపూడిలో జారింది. అందుకే అడుగుతున్నాను.