‘మాన్యువల్ డూప్లెక్స్’ అంటే ఏమిటండీ?

ప్రశ్న: మా అమ్మాయి ట్యూషన్ సెంటర్‌కి ప్రింటర్ చూస్తున్నాం. ఒక డబ్బా మీద ‘మాన్యువల్ డూప్లెక్స్’ అనీ, ఇంకోదాని మీద ‘ఆటో డూప్లెక్స్’ అనీ ఉంది. ధరలో బాగానే తేడా. నాకు తెలిసిన డూప్లెక్స్ అల్లా లోపల మెట్లున్న ఇల్లు! దీనికి తెలుగులో మాటుందా?

– ద్విపార్శ్వ ముద్రణ అనొచ్చండీ.

– అనొచ్చు. షాపులో అలా అడిగితే సేల్స్ కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. జిరాక్స్ షాపుల్లో ‘బ్యాక్ టు బ్యాక్’ అంటారే, అదే ఇది. కాగితానికి రెండువైపులా అచ్చు. చూసుకోవాల్సింది దాని ముందున్న మాట. ‘ఆటో’ అయితే యంత్రమే కాగితాన్ని లోపలికి లాక్కుని తిప్పుకుంటుంది. ‘మాన్యువల్’ అయితే ఒకవైపు పేజీలన్నీ వచ్చాక, కట్ట తిప్పి ట్రేలో పెట్టమని కంప్యూటర్ అడుగుతుంది. తిప్పేది మీరే. ఒకవైపుకి బదులు ఇంకోవైపు తిప్పారో, వెనకపేజీ తలకిందులు. నలభై మంది పిల్లలకి ప్రశ్నపత్రాలు తీయాలంటే ఆటోకే డబ్బులు పెట్టండి. నెలకో నాలుగు కాగితాలు తీసే ఇంటికి మాన్యువల్ చాలు.

– ‘పేజ్ యీల్డ్’కి దిగుబడి అంటే ఎలా ఉంటుంది? ఎకరానికి ఇన్ని బస్తాలన్నట్టు, టోనర్‌కి, అంటే లేజర్ ప్రింటర్‌లో పెట్టే సిరాపొడి డబ్బాకి, ఇన్ని పేజీలు.

– చక్కగా ఉంది. లెక్క కూడా అలాంటిదే, చేనుని బట్టి మారుతుంది. లేజర్ టోనర్ మీద 1,500 పేజీలని ఉంటే, అవి పేజీలో సుమారు 5 శాతం మేరకే నలుపు పడే పేజీలు. ఒక చిన్న ఉత్తరమంత అన్నమాట. నిండుగా బొమ్మలూ పట్టికలూ ఉంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. పైగా చాలా లేజర్ ప్రింటర్లతో వచ్చే మొదటి టోనర్ నిండుగా ఉండదు. ‘స్టార్టర్’ అని చిన్న అక్షరాల్లో రాస్తారు. మళ్ళీ కొనే టోనర్ ధరని దాని దిగుబడితో భాగించి చూడండి, పేజీ ఖర్చు అక్కడ తేలుతుంది.

– ‘డ్యూటీ సైకిల్’ 10,000 అని చూసి మురిసిపోకండి. అది నెలకి యంత్రం తట్టుకునే గరిష్ఠ పేజీల సంఖ్య. నెలనెలా అంత పని చెప్పమని కాదు. పక్కనే ‘రికమెండెడ్ మంత్లీ వాల్యూమ్’ అని చాలా తక్కువ అంకె ఉంటుంది. మీ వాడకానికి దాన్నే పోల్చుకోండి.

– డీపీఐ గురించి ఎవరూ అనలేదేం? మన లిపికి అసలు పని అక్కడే. అంగుళానికి ఎన్ని చుక్కలన్నది డీపీఐ. 12 పాయింట్ల అక్షరానికి ఉండే ఎత్తు అంగుళంలో ఆరోవంతు, అంటే 600 డీపీఐలో 100 చుక్కలు. ఆ వందలోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, అన్నీ సర్దుకోవాలి. 300 డీపీఐకి దిగితే యాభయ్యే. ఇంగ్లీషు పెద్దక్షరాలకి అది బానే ఉంటుంది. మనకి ‘లక్ష్మి’ లాంటి మాటలో ఒత్తులు ముద్దయిపోతాయి, అక్షరం 8 పాయింట్లయితే మరీను. ఇంకు ఆదా అని డ్రాఫ్ట్ మోడ్‌లో, అంటే చుక్కలు తగ్గించి, తెలుగు తీసేవారు ఇది గమనించాలి. పాఠాలకి 600 సరిపోతుంది. ఇంక్‌జెట్ డబ్బా మీద 4800 × 1200 అంటూ ఉండే అంకెలు ఫొటోలు తీసేవారి గోల.

– ప్రశ్న అడిగినవారికి: ‘ఏడీఎఫ్’ అని కూడా కనబడుతుంది. కాపీ, స్కాన్ చేసేటప్పుడు పైనుంచి కాగితాల కట్టని దానంతటదే ఒక్కొక్కటిగా లోపలికి తీసుకునే ట్రే అది. ఆటో డూప్లెక్స్ ఉన్నంత మాత్రాన ఏడీఎఫ్ రెండువైపులా స్కాన్ చేస్తుందని అనుకోకండి, అది వేరే సంగతి. విడిగా అడగండి.