అప్‌డేట్: స్లొవేనియాలో అద్దె కారు, విన్యెట్, వ్రషిచ్ కనుమ

స్లొవేనియాలో అద్దె కారుకు విన్యెట్ (హైవేల మీద నడపడానికి కొనే టోల్ పాసు) విడిగా కొనాలా, పెద్దవాళ్ళతో వ్రషిచ్ కనుమ దాటగలమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. తిరిగొచ్చాం, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

విన్యెట్ బెంగ అనవసరం. ఇప్పుడది స్టిక్కరు కాదు, కారు నంబరుకు ముడిపడిన ఎలక్ట్రానిక్ నమోదు; మా కారుకు ముందే ఉంది. అద్దె కార్ల కౌంటరులో పట్టుబట్టి చూసినవి ఆర్టీవో ఇచ్చిన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్, డ్రైవరు పేరిటే ఉన్న క్రెడిట్ కార్డు. డెబిట్ కార్డు ఒప్పుకోలేదు.

కనుమ ఎక్కకుండా కారును రైలెక్కించమన్న మీ సలహా మాత్రం బ్రహ్మాండం! బొహీన్‌స్కా బిస్త్రిత్సాలో ఎక్కిస్తే, 1906 నాటి ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం దాటి మోస్త్ నా సోచిలో దిగాం. కనుమ మీది 50 హెయిర్‌పిన్ మలుపులు తప్పాయి. మలుపులంటేనే కడుపు తిప్పే మా అత్తగారు హాయిగా కునుకు తీశారు.

జవాబుల్లో వచ్చిన చలికాలపు టైర్ల చర్చ జూన్‌లో వెళ్ళిన మాకు అక్కరకు రాలేదు. నవంబరు 15 - మార్చి 15 మధ్య వెళ్ళేవాళ్ళకు ఆ టైర్లు గానీ, మామూలు టైర్లయితే వెంట మంచు గొలుసులు గానీ తప్పనిసరి.