ఫ్రాన్స్ దక్షిణ తీరంలో పిట్టలూ పాత కట్టడాలూ ఒకేచోట చూడాలంటే?

బరంపురం మాస్టారు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి లియోన్‌లో ఉంటోంది. మే నెలాఖర్లో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. అల్లుడు నీస్, కేన్, మొనాకో అంటూ పెద్ద చిట్టా పంపాడు. ఆ మేడలూ షోకు పడవలూ నాకెందుకు? ఏటా చలికాలం రంభ వెళ్ళి చిలికాలో పిట్టల్ని చూసొచ్చే మనిషిని. ఆవిడకేమో పాత కట్టడాలు, గుళ్ళు కావాలి. మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఇద్దరం శాకాహారులం. ఏదైనా చోటు చెప్పండి బాబూ.

ఛత్రపురం నుంచి ఫోస్ దాకా:
మాస్టారూ, నేను ఇక్కడే ఫోస్ రేవులో పనిచేస్తున్నాను. చిట్టా పక్కన పెట్టి కమార్గ్ రండి. రోన్ నది రెండు పాయలై సముద్రంలో కలిసే లంక భూమి ఇది. మకాం ఆర్ల్‌లో పెట్టండి, రైలు దిగొచ్చు. రోమన్ల నాటి గుండ్రటి క్రీడారంగం ఊరి మధ్యలోనే ఉంది. చిత్రకారుడు వాన్ గో 1888లో వచ్చి కాపురం పెట్టిన ఊరు కూడా ఇదే.

ఇక పిట్టలు. చిలికాకి ఫ్లెమింగోలు మేతకొచ్చి ఎండలు ముదిరేలోపు పోతాయి కదా, ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటాయి, గుడ్లూ పెడతాయి. గూళ్ళున్న దీవి దగ్గరికి ఎవర్నీ పోనివ్వరు. పాన్ ద గో పక్షుల పార్కులో మాత్రం దారంతా చదును, అమ్మగారు హాయిగా నడవొచ్చు. పడవా దుర్భిణీ అక్కర్లేదు. ముక్కు తలకిందులుగా నీళ్ళలో ముంచి, బురద వడగట్టుకుంటూ, మధ్యమధ్యలో పక్కదాన్ని పొడుస్తూ కళ్ళెదుటే తిరుగుతుంటాయి. ఆ రూపానికీ ఆ గొంతుకీ పొంతనే ఉండదు, అచ్చం బాతుల సంత!

ఒకరోజు ఏగ్‌మోర్త్‌కి కేటాయించండి. ఊరి చుట్టూ కోటగోడ చెక్కుచెదరలేదు. 1248లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఇక్కణ్ణుంచే క్రూసేడ్ అనే మతయుద్ధానికి ఓడలెక్కాడు. కాన్‌స్టాన్స్ బురుజులో మరీ డ్యూరాన్ అనే ప్రొటెస్టెంట్ ఆవిడని 1730 నుంచి 1768 దాకా ఖైదులో ఉంచారు, మతం మార్చుకోనన్నందుకు! బురుజుకి మెట్లున్నాయి, మీరొక్కరే ఎక్కండి.

గోడ అవతల ఉప్పుమళ్ళు. హుమ్మ ఉప్పుమళ్ళ పక్కన పెరిగినవాణ్ణి, అయినా గులాబీ రంగు నీళ్ళు ఇక్కడే చూశాను. ఉప్పు చిక్కబడేకొద్దీ అందులో పెరిగే ఒక నాచు వల్ల ఆ రంగు. ఆ నాచు తినే చిన్న రొయ్యల్ని మేసే ఫ్లెమింగోలకి రంగొచ్చేదీ దానివల్లే. ఉప్పు తీతంతా యంత్రాలతోనే. పైన తేలే పల్చటి పొరని మాత్రం చేత్తో తీసి బుల్లి డబ్బాల్లో అమ్ముతారు. ధర చూశాక మా నాన్నకి చెప్పలేదు.

పర్లాకిమిడి ఆడపడుచు:
మాస్టారుగారూ, కుదిరితే మే 24కి సాంత్ మరీ ద లా మేర్ చేరండి. పాన్ ద గో దాటితే వచ్చే ఊరే. చర్చి నేలమాళిగలో సారా అనే నల్లటి పుణ్యవతి విగ్రహం ఉంటుంది, రోమా (జిప్సీ) జనానికి ఇలవేల్పు. మొక్కుకున్నవాళ్ళు ఒకదానిమీద ఒకటి వస్త్రాలు కప్పుతారు, చివరికి మొహం ఒక్కటే కనబడుతుంది. సాయంత్రం తెల్లగుర్రాల రౌతులు వెంట రాగా సముద్రంలోకి మోసుకెళ్తారు. మా పిన్నికి వీడియో చూపిస్తే, మన బరంపురం ఠాకురాణీ అమ్మవారి యాత్రలా ఉందే అని దణ్ణం పెట్టేసింది! నేలమాళిగకి కొన్ని మెట్లు దిగాలి, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. దోమల మందు మర్చిపోకండి.

కొండలెక్కే కోరాపుట్:
మార్సే పక్క కలాంక్‌లు వదిలేస్తారా? సున్నపురాతి కొండల మధ్యకి సముద్రం చొరబడ్డ చోట్లు. 2012 నుంచి జాతీయ పార్కు.

ఛత్రపురం నుంచి ఫోస్ దాకా:
తమ్ముడూ, మోకాళ్ళ సంగతి చదివావా? మాస్టారూ, చూడాలనుంటే కసీ ఊరి నుంచి పడవెక్కండి, కూర్చునే చూడొచ్చు. నడిచి మాత్రం వద్దు.

బరంపురం మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. తిండి మాటేమిటి?

ఛత్రపురం నుంచి ఫోస్ దాకా:
కమార్గ్‌లో వరి పండుతుంది, బియ్యానికి లోటు లేదు. హోటల్లో గార్దియాన్ అంటే ఎద్దు మాంసం కూర, జాగ్రత్త. రటటూయీ అడగండి, వంకాయ, టమాటాల కూర. ఆవకాయ మీరు ఎలాగూ తెస్తారు. మే 24 చుట్టూ గదులు దొరకవు, ఆర్ల్‌లో ఇప్పుడే పట్టేయండి. మిస్ట్రాల్ అని ఉత్తరపు గాలి లేస్తే మేలో కూడా వణికిస్తుంది, అమ్మగారికి ఓ శాలువా పెట్టండి.